ఫుల్‌సైజ్ పికప్‌లో సేఫ్టీ ఫీచర్లు: ఏళ్ల తరబడి నడిపాక తేలినవి

మేం ఉండేది డాలస్‌కి ఉత్తరాన. నాది క్యాటరింగ్ పని. ఉగాదికి, బతుకమ్మకి, పెళ్లిళ్లకి గుండిగలు, బర్నర్లు, కూలర్లు ట్రైలర్‌లో వేసుకుని తిరగాలి. అదే బండిలో పిల్లల్ని బడికీ దింపాలి. అందుకే నాలుగు తలుపుల క్రూ క్యాబ్ తీసుకున్నాం. ఎఫ్-150, సిల్వరాడో, రామ్ 1500, టండ్రా, మాది వీటిలో ఒకటి. నేను చెప్పేవి చాలావరకు నాలుగింటికీ వర్తిస్తాయి.

ముందు మెచ్చుకోవాల్సింది ట్రైలర్ స్వే కంట్రోల్. ఐ-35 మీద ఓక్లహామా వైపు వెళ్తుంటే పక్కనుంచి పెద్ద సెమీ ట్రక్కు దూసుకుపోయింది, ఆ గాలికి ట్రైలర్ తోక ఊపడం మొదలైంది. నేనేమీ చేయకముందే డ్యాష్‌బోర్డు మీద లైటు మెరిసింది, ఇంజన్ పవర్ తగ్గింది, ఒక్కో చక్రానికి విడిగా బ్రేక్ పడుతున్నట్టు కాళ్ల కింద తెలిసింది. రెండు మూడు ఊపుల్లో బండి సర్దుకుంది. 2012 మోడల్ నుంచి అమెరికాలో కార్లకీ పికప్‌లకీ బండి అదుపు తప్పకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి, స్వే కంట్రోల్ దాని మీద కట్టిన అంతస్తే. కానీ బరువు సరిగ్గా వేయకపోతే ఏ కంప్యూటరూ ఆదుకోదు. ట్రైలర్ మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం హిచ్ మీద, అంటే ట్రైలర్‌ని బండికి తగిలించే చోట, పడాలి. మా గుండిగలూ బియ్యం బస్తాలూ ఎప్పుడూ ఇరుసుకి ముందుభాగంలోనే ఎక్కుతాయి. ట్రైలర్ ఊగినప్పుడు బ్రేక్ గట్టిగా తొక్కకూడదు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని గ్యాస్ పెడల్ మీంచి కాలు తీసి, ట్రైలర్ బ్రేక్ మీటని చేత్తో నెమ్మదిగా నొక్కాలి. మా డ్రైవర్లకి మొదట నేర్పేది ఇదే.

అద్దాల్లో కనబడని చోట బండి ఉంటే హెచ్చరించే బ్లైండ్ స్పాట్ వార్నింగ్ ట్రైలర్ పొడవుని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. పని చేస్తుంది, అంతకంటే చెప్పడానికేం లేదు.

నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది బానెట్. నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. సీటు పూర్తిగా పైకి లేపినా ముందు నేల కనిపించదు. ఒకరోజు ఇంజన్ ఆపేసి, మా చిన్నదాన్ని గ్రిల్ ముందు నిలబెట్టి ఒక్కో అడుగూ వెనక్కి వెళ్లమన్నాను. ఎనిమిది అడుగులు దాటాక గానీ దాని పాపిట కనబడలేదు. బడిలో చదువుకునే పిల్ల, మరీ పసిపాప కూడా కాదు. ఆరోజు నుంచి కీ తిప్పేముందు బండి చుట్టూ నడవడం మా ఇంట్లో నియమం.

వెనక్కి వస్తున్న తండ్రి బండి కింద పడి చనిపోయిన రెండేళ్ల బాబు పేరు మీద 2008లో చట్టం వచ్చింది. దాని ఫలితంగా 2018 మే నుంచి కొత్త బండ్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరైంది. ముందు కెమెరాకి అలాంటి నిబంధన లేదు. మేం కొన్నప్పుడు అది ఖరీదైన ప్యాకేజీలోనే ఉంది, తోలు సీట్లూ పెద్ద స్పీకర్లూ కలిపి కొనాల్సిందే. పిల్లల ప్రాణానికి సంబంధించిన వస్తువుని పాటల స్పీకర్లతో ముడిపెట్టి అమ్మడం నాకు ససేమిరా నచ్చదు. బానెట్ నలభై అంగుళాలు దాటిన బండ్లు, ముప్పై అంగుళాల లోపు ఉండి ముందు వాలుగా ఉన్నవాటికంటే, గుద్దినప్పుడు పాదచారి ప్రాణం తీసే అవకాశం దాదాపు 45 శాతం ఎక్కువని ఇక్కడి బీమా కంపెనీల రోడ్డు భద్రతా సంస్థ ఐఐహెచ్‌ఎస్ 2023లో చెప్పింది.

ఎడమ మలుపులూ అంతే. అద్దం పక్కనుండే స్తంభం మందంగా ఉండి దాటుతున్న మనిషిని పూర్తిగా మింగేస్తుంది. నేను ముందుకి వంగి, తల అటూ ఇటూ జరిపి చూశాకే తిప్పుతాను. మన వీధుల్లో ఇంకో సంగతి కూడా ఉంది. ఇండియా నుంచి ఆరునెలలకని వచ్చిన అమ్మానాన్నలు చీకటి పడే వేళ ముదురు రంగు శాలువాలు కప్పుకుని వాకింగ్‌కి బయల్దేరతారు. మనుషుల్ని చూసి దానంతటదే బ్రేక్ వేసే ఆటోమేటిక్ బ్రేకింగ్ పగలు బాగా పనికొస్తుంది. వీధి దీపాల్లేని రోడ్డు మీద మాత్రం పాదచారుల ప్రమాదాలు తగ్గినట్టు ఐఐహెచ్‌ఎస్ అధ్యయనంలో కనబడలేదు. కాబట్టి మామ్మగారికి ఒక రిఫ్లెక్టర్ జాకెట్ కొనివ్వండి, బండిని నమ్ముకోకండి. ఈ బ్రేకింగ్ 2029 సెప్టెంబరు నుంచి అన్ని కొత్త బండ్లలో ఉండాలని 2024లో నిబంధన వచ్చింది, చీకట్లో పరీక్ష కూడా అందులో ఉంది. మంచిదే.

వెనక సీటు గురించి సేల్స్ వాళ్లు చెప్పనిది ఒకటి. పిల్లల సీటు పై పట్టీకి కార్లలో లాగా ఒక కొక్కెం కనబడదు. సీటు వెనక బట్ట ఉచ్చులుంటాయి. పట్టీని పిల్ల సీటు వెనకున్న ఉచ్చులోంచి దూర్చి, పక్క సీటు ఉచ్చుకి తగిలించాలి. చాలా పికప్‌లలో పద్ధతి ఇదే. మీ బండి మాన్యువల్‌లో బొమ్మ చూసి చేయండి. చాలామంది పట్టీని వదిలేసి వెళ్లిపోతారు, గుద్దుకున్నప్పుడు పిల్ల తల ముందుకి ఎంత దూరం విసురుతుందో ఆ పట్టీ మీదే ఆధారపడి ఉంటుంది. ఐఐహెచ్‌ఎస్ కూడా 2022 చివర్నుంచి ముందు ఢీ పరీక్షలో వెనక సీట్లో పన్నెండేళ్ల పిల్లలంత బొమ్మని కూర్చోబెడుతోంది. కొనేముందు ఆ రేటింగ్ విడిగా చూడండి, బండి మొత్తానికి కలిపి ఇచ్చే నక్షత్రాలతో సరిపెట్టుకోకండి.

టెస్ట్ డ్రైవ్‌కి పిల్లల సీటుని, పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. సీటు బిగించి చూడండి, బానెట్ ముందు పిల్లని నిలబెట్టి చూడండి. ఇంట్లో అందరికంటే పొట్టివాళ్లని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టండి. మా తర్వాతి బండికి ముందు కెమెరా ఖరీదైన ప్యాకేజీ లేని మామూలు ట్రిమ్‌లోనే రావాలి, లేకపోతే ఉన్నదాన్నే ఇంకొన్నేళ్లు నడుపుతాం.