ఎత్తుపళ్ళు, అంగిలిలో ఇరుక్కున్న కోరపన్ను: తిరుపతి క్లినిక్‌లో మా అనుభవం

మా అమ్మాయి పళ్ళకు క్లిప్పులు వేయించడానికి 2022 జూన్ నుంచి 2025 జనవరి వరకు తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డు సమీపంలోని ఒక క్లినిక్‌కు తిరిగాము. చిత్తూరు నుంచి దాదాపు 70 కిలోమీటర్లు, నాలుగైదు వారాలకొకసారి ప్రయాణం. బిల్లుల విషయంలో ఒక ఫిర్యాదు ఉన్నందువల్ల క్లినిక్ పేరు రాయడం లేదు. అయితే క్లిప్పులకు తోడుగా ఈ మధ్య చాలాచోట్ల చేస్తున్న పీఆర్‌ఎఫ్ (మన రక్తంనుంచే తయారుచేసిన గడ్డను గాయంలో పెట్టడం), లేజర్ వంటి చికిత్సల గురించి, వాటికి డబ్బు పెట్టే ముందు తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

అప్పుడే పదో తరగతి ముగించిన మా అమ్మాయికి పై వరుస 9 మిల్లీమీటర్లు ముందుకు వచ్చి పెదవులు కలిసేవి కావు. నోరు మూస్తే కింది ముందు పళ్ళు అంగిలికి గుచ్చుకునేవి. వీటికి తోడు ఎడమవైపు కోరపన్ను అసలు బయటికే రాలేదు. పాలపన్ను ఇంకా అక్కడే ఉండటంతో ఆ సంగతి మేము గమనించనే లేదు. అమెరికా దంతవైద్యుడు ఎడ్వర్డ్ యాంగిల్ 1899లో చేసిన వర్గీకరణ ప్రకారం ఇది రెండవ తరగతి, అంటే పై పళ్ళతో పోలిస్తే కింది పళ్ళు వెనుకబడి ఉండే అమరిక. డాక్టరమ్మ స్కాన్‌ను తెరమీద తిప్పి చూపిస్తూ, అంగిలిలో అడ్డంగా పడుకున్న కోరపన్ను పక్క పంటి వేరును ఆనుకొని ఉందనీ, అలాగే వదిలేస్తే ఆ వేరు కరిగిపోవచ్చనీ చెప్పి, "సార్, ముందు దీని సంగతి చూసుకుందాం, ఎత్తు సంగతి తరువాత" అన్నారు. మెడ ఎముకల ఆకారాన్ని బట్టి ఎదుగుదల చాలావరకు ముగిసినందువల్ల కింది దవడను ముందుకు పెంచే పరికరాలతో పెద్దగా ప్రయోజనం ఉండదనీ, పైన రెండు చిన్న దవడపళ్ళు తీసి ఆ చోటులోకి ముందు పళ్ళను లాగడమో, పద్దెనిమిదేళ్ళు నిండాక దవడకు శస్త్రచికిత్స చేయించడమో మిగిలిన మార్గాలనీ వివరించారు. మేము మొదటిది ఎంచుకున్నాము. ఆ రోజు ఆమె మాకు నలభై నిమిషాలు కేటాయించారు. ఈ క్లినిక్‌కు నేను ఇచ్చే మంచి మార్కుల్లో సగం ఆ నలభై నిమిషాలకే.

కుడివైపు చిన్న దవడపన్ను ముందుగానే, మామూలుగా తీశారు. ఎడమవైపు చిన్న దవడపన్ను తీయడం, అంగిలి కోసి కోరపన్నుకు సన్నని గొలుసు అతికించడం ఒకే రోజు జరిగాయి, పీఆర్‌ఎఫ్ వాడింది కూడా అప్పుడే. అమ్మాయి చేతినుంచి తీసిన రక్తంలో గడ్డకట్టకుండా ఆపే మందు ఏదీ కలపకుండా గొట్టాలను వెంటనే యంత్రంలో పెట్టి పన్నెండు నిమిషాలు తిప్పారు. తీసి చూస్తే అడుగున ఎర్రటి పొర, పైన పలుచని ద్రవం, ఆ రెంటి నడుమ లేత పసుపు రంగులో ముంజలాంటి గడ్డ. దానిని రెండు స్టీలు పలకల మధ్య నొక్కి పొరలా చేసి గాయంలో అమర్చి కుట్లు వేశారు. ఫ్రాన్స్‌లో 2001 ప్రాంతంలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిలో ప్లేట్‌లెట్లనుంచి గాయాన్ని మాన్పే పదార్థాలు కొన్ని రోజులపాటు నెమ్మదిగా విడుదలవుతాయి. కోత పెద్దదైనప్పటికీ ఎడమవైపు వాపు మూడో రోజుకు తగ్గిపోగా, మామూలుగా పన్ను తీసిన కుడివైపు వారం రోజులు సలిపింది. ఒక్క అమ్మాయి నోటిని బట్టి తీర్పు చెప్పకూడదని నాకు తెలుసు, అయినా మేము కళ్ళారా చూసినది అది.

పన్ను కదలిక వేగం మాత్రం వేరే సంగతి. క్లిప్పుల తీగ ఒత్తిడి పడిన వైపు ఎముకను కొన్ని కణాలు కరిగిస్తాయి, లాగుడు పడిన వైపు మరికొన్ని కణాలు కొత్త ఎముకను కడతాయి. ఈ పని నెలకు దాదాపు ఒక మిల్లీమీటరు చొప్పున సాగుతుంది. రిసెప్షన్‌లో కూర్చొనే కౌన్సిలర్ రోజుకు 20 నిమిషాలు కొరికి పట్టుకొనే కంపన పరికరం కొంటే ఆరు నెలలు ముందే పూర్తవుతుందని చెప్పాడు. డాక్టరమ్మను అడిగితే, నియంత్రిత పరీక్షల్లో అలాంటి లాభం నిలవలేదని నిర్మొహమాటంగా చెప్పి, "పన్నును నడిపించేది తీగే సార్, మిగతావన్నీ తోడు మాత్రమే" అన్నారు. కదలికను వేగవంతం చేయడానికి ఎముకలో చిన్న రంధ్రాలు చేసే పద్ధతిని కూడా ఆమే వివరించారు: గాయపడిన చోట ఎముక మార్పు కొంతకాలం చురుగ్గా జరుగుతుందని 1983లో ఎముకల వైద్యుడు హెరాల్డ్ ఫ్రాస్ట్ వర్ణించిన సూత్రమే దానికి ఆధారమట, ఆ చురుకు కొంతకాలానికే తగ్గిపోతుంది గనుక అది మాకు అనవసరమని ఆమే వద్దన్నారు. లేజర్ మాత్రం తీగ బిగించిన రోజుల్లో చిగుళ్ళమీద కొన్ని నిమిషాలు పెట్టేవారు. ఆ రాత్రి అన్నం నమలగలుగుతున్నానని అమ్మాయి అనేది. కాలం కలిసివచ్చిందని నేను అనలేను. నొప్పికి ఐబుప్రొఫెన్ వరుసగా వాడితే పన్ను కదలిక మందగించవచ్చునని పారాసిటమాల్ మాత్రమే రాయడం నాకు నచ్చింది.

రెండేళ్ళన్న చికిత్స 31 నెలలు పట్టడంలో మా పాత్ర కూడా ఉంది. చెనిక్కాయలు, మురుకులు మానేసిన పిల్ల కొండనుంచి వచ్చిన లడ్డూలో కలకండ పలుకు కొరికి పంటికి అతికించిన ఒక బ్రాకెట్ ఊడగొట్టుకుంది. ఇంటర్ పరీక్షల రోజుల్లో క్లిప్పులకు తగిలించుకొనే రబ్బర్లు వేసుకోవడం మానేసింది. పై ముందు పళ్ళను వెనక్కి, పైకి లాగడానికి ఎముకలో బిగించిన టైటానియం స్క్రూలలో ఒకటి రెండో నెలలోనే వదులై మళ్ళీ వేయవలసి వచ్చింది. అది ఎవరికైనా జరిగేదే గనుక తప్పుపట్టను, డబ్బు కూడా అడగలేదు.

తప్పుపట్టేది బిల్లును. రాసిచ్చిన అంచనా 65,000 రూపాయలు. పీఆర్‌ఎఫ్‌కు అందులో చోటు లేదు. కుట్లు వేసి, అమ్మాయి నోట్లో దూదితో బయటికి వచ్చాక మరో 6,000 కట్టమన్నారు. మొత్తం పెద్దది కాకపోవచ్చు, కానీ ఆ స్థితిలో ఎవరు బేరమాడతారు? అపాయింట్‌మెంట్ పదకొండు గంటలకని చెప్పి ఒంటిగంటకు పిలవడం కూడా మామూలే. చిత్తూరు బస్సు పట్టుకోవలసిన వాళ్ళకు అది సగం రోజు.

కోరపన్ను తన చోటుకు వచ్చింది, కింది పళ్ళు అంగిలిని తాకడం లేదు, పెదవులు ప్రయత్నం లేకుండానే మూతపడుతున్నాయి. పక్క పంటి వేరు కొన కొద్దిగా అరిగినట్లు చివరి ఎక్స్‌రేలో కనిపించింది, ఆ సంగతిని డాక్టరమ్మ దాచకుండా చూపించారు. పళ్ళ వెనుక అతికించిన సన్నని తీగ, పళ్ళు మళ్ళీ కదలకుండా రాత్రి పెట్టుకొనే రిటైనర్ కొనసాగుతాయి. ఆరు నెలలకొకసారి చూపించుకోవాలి. ఈసారి వెళ్ళేటప్పుడు ఆ అంచనా కాగితాన్నీ, 6,000 రూపాయల రసీదునూ వెంట తీసుకువెళ్ళి కౌన్సిలర్ ముందు పెడతాను.