విజయవాడ ఆటోనగర్‌లో బ్రేకుల షాపు: చక్రం ఊడదీశాకే మాట్లాడతారు

కారు బ్రేకుల పని ఎక్కడ చేయించాలని అడిగినవాళ్లందరికీ ఈ మధ్య ఒకటే చెప్తున్నా. విజయవాడ ఆటోనగర్‌లో ఒట్టి బ్రేకుల పని మాత్రమే చేసే చిన్న షాపులున్నాయి, వాటికి వెళ్లండి. నేను వెళ్లింది అలాంటి ఒక రేకుల షెడ్డుకే. పేరు రాయొద్దని మేస్త్రి గారు అన్నారు కాబట్టి రాయడం లేదు గానీ, అక్కడ పని ఎలా చేశారో మాత్రం వివరంగా రాస్తాను, ఎందుకంటే మీరు ఏ ఊళ్లో ఏ షాపుకి వెళ్లినా పని ఇలాగే చేయించుకోవాలి.

నాది మామూలు పెట్రోల్ కారు, ముందు డిస్క్ బ్రేకులు (చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్లేన్ని రెండు ప్యాడ్లు అటూ ఇటూ నొక్కి ఆపుతాయి), వెనక డ్రమ్ బ్రేకులు. కొన్నాళ్లుగా నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ఎడమ ముందు చక్రం నుంచి సన్నగా కీచుమని శబ్దం వచ్చేది, బ్రేక్ మీద కాలు పెడితే ఆగిపోయేది. మొదట ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌లో చూపించాను. అక్కడ టార్చి వేసి అల్లాయ్ వీల్ సందుల్లోంచి చూసి, "ప్యాడ్లు బాగున్నాయి సార్, దుమ్ము పట్టింది, వాష్ చేస్తే పోతుంది" అని జాబ్ కార్డులో ఓకే అని రాసిచ్చారు. శబ్దం పోలేదు.

ఆటోనగర్ మేస్త్రి గారు నా మాట పూర్తిగా విని, కారు ఒక్కసారి ఆ వీధి చివరిదాకా నడిపి వచ్చి, జాకీ వేసి చక్రం తీసేశారు. క్యాలిపర్ (ప్యాడ్లని పట్టుకుని డిస్క్‌కి నొక్కే భాగం) విప్పి రెండు ప్యాడ్లూ గుడ్డ మీద పక్కపక్కన పెట్టారు. బయటి ప్యాడ్‌కి లైనింగ్, అంటే అరిగే పొర, ఆరు మిల్లీమీటర్ల దాకా ఉంది, లోపలిది రెండుకి వచ్చేసింది! "చూడండి బాబూ, సందుల్లోంచి కనబడేది బయటిదే, అరిగిపోయింది లోపలిది" అన్నారు. క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే పిన్నుల్లో గ్రీజు ఎండిపోయి ఒక పిన్ను బిగుసుకుపోయింది, దాంతో క్యాలిపర్ కదలక లోపలి ప్యాడ్ ఒక్కటే డిస్క్‌ని రాసుకుంటూ అరిగిపోయింది. ఇక ఆ కీచు శబ్దం ఎక్కడిదంటే, చాలా ప్యాడ్లకి ఒక చిన్న రేకు ముక్క ఉంటుంది, లైనింగ్ అయిపోవస్తుంటే అది డిస్క్‌కి తగిలి కావాలనే అలా అరుస్తుంది. నేను వింటున్నది దుమ్ము కాదు, ఆ రేకుని.

ప్యాడ్లు ఎప్పుడు మార్చాలన్నది కిలోమీటర్లు చూసి తేల్చే విషయం కాదని ఆయన గట్టిగా చెప్పారు, నాకూ అదే నిజమనిపించింది. రోజూ బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో తిరిగే కారుకి 30 వేలకే అయిపోవచ్చు, హైదరాబాద్ హైవే మీద తిరిగే కారుకి 50 వేలు దాటినా మిగిలి ఉండొచ్చు. మారేడుమిల్లి ఘాట్ దిగేటప్పుడు రెండో గేరు వెయ్యకుండా కిందిదాకా బ్రేక్ మీదే దింపేవాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. కొత్త ప్యాడ్‌కి లైనింగ్ సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది, మూడుకి వచ్చిందంటే మార్చేయాలి. కొలిచే పనిముట్టు లేకపోతే, వెనకుండే ఇనప ప్లేటు కంటే లైనింగ్ పల్చగా కనబడిందా లేదా చూడండి, కనబడితే ఇక మార్చే రోజు దగ్గర పడినట్టే.

వానలో రాత్రంతా ఆగిన కారు పొద్దున్నే గరగరమంటే కంగారు పడొద్దు, డిస్క్ మీది తుప్పు నాలుగు బ్రేకులకి పోతుంది. రోజంతా గరగరమంటే మాత్రం లైనింగ్ అయిపోయి ఇనుము ఇనుముని గీస్తున్నట్టు, ఆ కారు ఇక నడపకూడదు. పెడల్ కాలికింద వణుకుతుంటే ముందు చూడాల్సింది డిస్క్‌ని.

నాకు బాగా ఉపయోగపడిన మాట బ్రేక్ ఆయిల్ గురించి. ప్యాడ్లు అరిగేకొద్దీ క్యాలిపర్‌లో వాటిని నెట్టే పిస్టన్లు బయటికి జరుగుతాయి, ఆయిల్ డబ్బాలో మట్టం మెల్లగా దిగుతుంది. అంటే మట్టం తగ్గితే ముందు ప్యాడ్లు చూడాలి, లీకుందేమో చూడాలి, అంతేగానీ ఊరికే పోసేయకూడదు. పోసేస్తే కొత్త ప్యాడ్లు వేసి పిస్టన్లు వెనక్కి నెట్టినప్పుడు పొంగి పెయింట్ మీద పడుతుంది, పడితే పెయింట్ లేస్తుంది.

డిస్క్‌ని వెర్నియర్‌తో కొలిచి, దాని మీద అచ్చు వేసిన కనీస మందం కంటే ఎక్కువే ఉందని చూపించి, మార్చక్కర్లేదన్నారు. ఆయన మార్చాలంటే నేను ఒప్పుకునేవాణ్ణే, అయినా ఆయన అనలేదు. ప్యాడ్లు మాత్రం రెండు చక్రాలకీ వేశారు, ఒక పక్కకే వేస్తే బ్రేక్ ఒక వైపుకి లాగుతుంది. కొత్త ప్యాడ్ల పెట్టె నా ముందే తెరిచారు. పిన్నులు శుభ్రం చేసి వేడికి తట్టుకునే గ్రీజు పెట్టారు. కారు కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా పదేపదే నొక్కారు, ఇది చాలామంది మర్చిపోతారు, మర్చిపోతే మొదటి బ్రేక్‌కి పెడల్ నేల దాకా పోతుంది. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు సడన్ బ్రేకులు వద్దని చెప్పి, పాత ప్యాడ్లు కవర్లో వేసి నా చేతికే ఇచ్చారు. సామానూ కూలీ కలిపి 3,000 దాటలేదు.

లోటుపాట్లూ ఉన్నాయి. కూర్చోవడానికి సరైన చోటు లేదు, పెద్దవాళ్లని వెంట తీసుకెళ్లొద్దు. బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద రాసిచ్చారు. వారంటీ కావాలంటే ప్యాడ్లు మీరే షోరూమ్‌లో బిల్లుతో కొని తీసుకెళ్లండి, వాటిని బిగించడానికి ఆయనకేం అభ్యంతరం లేదు. పొద్దున్నే వెళ్తే మంచిది, ఆలస్యమైతే వీధంతా లారీలు నిలబడి కారు తిప్పడానికి చోటుండదు.