డ్రాపౌట్: వేషం దక్కని నటుడికీ వాటా ఇచ్చే హాస్య వేదిక

డ్రాపౌట్ అనే అమెరికా హాస్య ఓటీటీ నెల చందా 6.99 డాలర్లు, అంటే మన డబ్బుల్లో 600 రూపాయల పైమాటే. ఉన్నదంతా హాస్యమే, అదీ ఇంగ్లీషులో. సినిమాలు లేవు, సీరియళ్లు లేవు. మన ఓటీటీల పక్కన పెట్టి చూస్తే ఖరీదే. అయినా వేరే చందా ఒకటి మానుకుని దీన్ని ఉంచుకున్నాను. నేను పరిషత్తు నాటకాలకు దర్శకత్వం వహిస్తుంటాను. ప్రేక్షకుడు ఇచ్చిన రూపాయి చివరికి ఎవరి చేతికి చేరుతుందన్నది నాకు చిన్న విషయం కాదు.

ముందు దీని పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలి. 1999లో అమెరికాలో కాలేజ్‌హ్యూమర్ అనే వెబ్‌సైటు మొదలైంది. పొట్టి హాస్య వీడియోలతో బాగా పేరు తెచ్చుకుంది. ఆ సంస్థే 2018లో డ్రాపౌట్ అనే చందా సేవను తెచ్చింది. 2020 జనవరిలో యజమాని కంపెనీ ఐఏసీ ఇక పెట్టుబడి పెట్టలేనంది. వంద మందికి పైగా ఉద్యోగాలు ఒక్కసారిగా పోయాయి. 2006 నుంచి అక్కడ వీడియోలు తీయిస్తున్న శామ్ రైష్ మిగిలిన కొద్దిమందితో సంస్థను తన చేతిలోకి తీసుకున్నారు. క్లింటన్ ప్రభుత్వంలో కార్మిక మంత్రిగా పనిచేసిన రాబర్ట్ రైష్ కుమారుడాయన. ఆ పెంపకం ఈ సంస్థ జమాఖర్చుల్లో నాకు కనిపిస్తుంది.

ఆ జమాఖర్చుల మాటే చెబుతాను. లాభాలు వచ్చాక, 2023లో డ్రాపౌట్ నుంచి ఒక్క డాలరైనా అందుకున్న ప్రతి ఒక్కరికీ లాభంలో వాటా ఇస్తామని ప్రకటించారు. నటులకే కాదు, తెర వెనక పనిచేసినవాళ్లకూ. అక్కడ ఆడిషన్‌కు వచ్చినవారికి కూడా డబ్బు చెల్లిస్తారు. కాబట్టి ఆడిషన్ ఇచ్చి వేషం దక్కక వెనుదిరిగిన వ్యక్తి కూడా వాటాదారే.

నటన మీద ఆశ పెట్టుకున్న పిల్లలతో మెలిగేవారికి ఈ మాట విలువ తెలుస్తుంది. మన దగ్గర ఆడిషన్ అంటే సొంత ఖర్చుతో బస్సెక్కి రావడం, పొద్దుటి నుంచి వరుసలో కూర్చోవడం, రెండు ముక్కలు చెప్పి వెళ్లిపోవడం. తర్వాత ఫోను కూడా రాదు. ఆ రోజు కూలి మానుకుని వచ్చినవాడు మా బృందంలోనే ఉన్నాడు. ఆ రోజుకు విలువ కట్టి, ఇదిగో నీ డబ్బు అని చేతిలో పెట్టడం దయాదాక్షిణ్యాల వ్యవహారం కాదు. నటుడి పనిని పనిగా లెక్కించడం.

ఇక చూసేందుకు ఏముంది? నాకు అన్నిటికంటే ఇష్టమైనది ‘వెరీ ఇంపార్టెంట్ పీపుల్’. ఒక హాస్యనటుడిని కుర్చీలో కూర్చోబెట్టి గంటల తరబడి మేకప్ వేస్తారు. ముక్కు, చెంపలు, జుట్టు అన్నీ మార్చేస్తారు. తననేం చేస్తున్నారో అతనికి తెలియదు, అద్దం చూపించరు. పని పూర్తయ్యాక అద్దం ముందుకు తెస్తారు. ఆ క్షణం నుంచి అతను ఆ ముఖానికి తగిన మనిషిని సృష్టించుకుని, కార్యక్రమం నడిపే విక్ మైకేలిస్ అడిగే ప్రశ్నలకు ఆ మనిషిగానే జవాబులు చెప్పాలి. అద్దంలో చూసుకున్న తొలి కొన్ని క్షణాలను ఆపి ఆపి చూస్తాను. ఒకరు ముందు గొంతు వెతుక్కుంటారు. ఇంకొకరికి భుజాలు ముందు వంగుతాయి, మాట తర్వాత వస్తుంది. కళ్లెదుట పాత్ర పుట్టడం అంటే అదే. మన పిట్టలదొర ఖాకీ దుస్తులు, టోపీ, కట్టె తుపాకీతో వీధిలోకి వచ్చి, ఎదురుపడిన మనిషిని బట్టి అప్పటికప్పుడు కోతలు కోస్తాడు కదా, ఆ విద్యకు ఇది దగ్గరి చుట్టం. పగటివేషాలు చూసి పెరిగినవారికి ఇంగ్లీషు సగమే అర్థమైనా ఇందులోని పనితనం పూర్తిగా అర్థమవుతుంది.

‘గేమ్ చేంజర్’కు పేరెక్కువ. ఆట ఏమిటో, నియమాలేమిటో ఆటగాళ్లకు ముందుగా చెప్పరు, ఆడుతూ కనుక్కోవాలి. శామ్ రైష్ స్వయంగా నిర్వహిస్తారు. బాగుంటుంది.

కొత్తవారి సంగతికి వస్తే, 2024 నుంచి ‘డ్రాపౌట్ ప్రెజెంట్స్’ పేరుతో హాస్య ప్రదర్శనలను చిత్రీకరించి విడుదల చేస్తున్నారు. మొదటిది హ్యాంక్ గ్రీన్‌ది. సైన్సు వీడియోలతో ఎంతో పేరున్న మనిషే అయినా స్టాండప్‌కు ఆయన కొత్త. తనకు వచ్చిన క్యాన్సర్ గురించి గంటసేపు నవ్వించారు. ‘క్రౌడ్ కంట్రోల్’లో స్టాండప్ కళాకారులు ప్రేక్షకులతో అక్కడికక్కడే మాట కలుపుతారు. ప్రేక్షకుల చొక్కాల మీద వాళ్ల జీవితంలోని ఒక వింత సంగతి రాసి ఉంటుంది. దాన్ని పట్టుకుని కళాకారుడు లాగాలి. నేను అంతకుముందు పేరు కూడా వినని కళాకారులను ఇందులోనే చూశాను.

లోపాలూ ఉన్నాయి. ఒక కార్యక్రమంలో చూసిన ముఖాలే పక్క కార్యక్రమంలోనూ కనిపిస్తాయి. వాళ్లందరూ సమర్థులే, కాదనను. కానీ ఇంత మంచి మనసున్న సంస్థ ప్రధాన కార్యక్రమాల్లో కొత్తవారికి ఇంకా ఎక్కువ చోటివ్వాలి. వాటా పంచడం ఎంత ముఖ్యమో, వేదిక పంచడమూ అంతే ముఖ్యం. అమెరికా టీవీ, రాజకీయాల మీద వేసే చెణుకులు చాలావరకు మనకు అందవు. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు ఉన్నాయి గానీ మాటల వేగానికి అవీ పరుగులు తీయాల్సిందే. బూతులు ధారాళం, పిల్లలతో కలిసి చూడలేం. బ్రెనన్ లీ మలిగన్ నడిపే ‘డైమెన్షన్ 20’ పాచికలతో ఆడుతూ కథ అల్లే కార్యక్రమం. ఒక్కో భాగం రెండు గంటల వరకూ సాగుతుంది. ఆ ఆట తెలియనివారికి ఓపిక చాలదు. కథనం నచ్చినా నేనూ దాన్ని పూర్తి చేయలేదు.

ధర విషయంలో ఒక మంచి పద్ధతి ఉంది. 2025లో చందా ఒక డాలరు పెంచినప్పుడు పాత చందాదారులకు పాత ధరే ఉంచారు. కొత్త వినియోగదారుడికి తాయిలం పెట్టి పాతవాడిని పిండే కంపెనీలనే చూస్తున్న మనకు ఇది అపురూపం.

తీసుకోవాలనుకునేవారు ముందు యూట్యూబులో ఉచితంగా పెట్టిన ఎపిసోడ్లు చూడండి. నచ్చితే నెల చందాతో ‘వెరీ ఇంపార్టెంట్ పీపుల్’ పూర్తి చేసి, ఆ తర్వాతే ఏడాది చందా సంగతి ఆలోచించండి. నాటక బృందమైతే అందరూ కలిసి ఒక్క చందా తీసుకుని రిహార్సల్ గదిలో చూసినా సరిపోతుంది. పాస్‌వర్డు పంచుకుంటే శామ్ రైష్ ఏమీ అనుకోరు, ఆ మాట ఆయనే బహిరంగంగా చెప్పారు.