మంగు మచ్చలకు 11 పీల్స్ చేయించుకున్నాక

2022 దసరా సెలవుల్లో మొదటి కెమికల్ పీల్, అంటే యాసిడ్ రాసి చర్మం పై పొరను రాల్చే చికిత్స, చేయించుకున్నాను. ఇప్పటికి 11 అయ్యాయి. చెంపల మీద, పై పెదవి మీద ఉన్న మంగు ముప్పావు వంతు తగ్గింది. పూర్తిగా పోలేదు. మార్చిలో ఎండలు ముదిరితే మళ్లీ లేత నీడలా పైకి తేలుతుంది. స్టాఫ్ రూంలో అడిగేవాళ్లకు ముందు ఈ మాటే చెబుతాను. ఎందుకంటే ఒక్క దెబ్బకు పాత ముఖం తిరిగొస్తుందని గట్టిగా నమ్మి నేను మొదటిసారి ఆ కుర్చీలో కూర్చున్నాను.

మాది నల్లగొండ. స్కూలు కనగల్ వైపు ఒక పల్లెలో. స్కూటీ మీద పోను 18 కిలోమీటర్లు, రాను 18. రెండో కాన్పు తర్వాత మొదలైన మంగు ఆ దారి మీదే ముదిరింది. మా దగ్గర ఒంటి మీద ఏ మచ్చ వచ్చినా బోరు నీళ్ల మీదికి తోస్తారు. ఫ్లోరైడ్ మా జిల్లాలో ఎందరి పళ్లను, ఎముకలను పాడుచేసిందో కళ్లారా చూసినదాన్నే. కానీ మంగు దాని వల్ల రాదు. హార్మోన్లు, ఎండ, పుట్టింటి నుంచి వచ్చే తత్వం, ఇవే ముఖ్యమైన కారణాలు. మా అమ్మకూ ఉండేది.

పీల్ కంటే ముందు నేను చేసిన తప్పు చెప్పాలి. మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చిన క్రీము 8 నెలలు రాశాను. మొదటి రెండు వారాలు ముఖం మెరిసిపోయింది. ఆ తర్వాత ఒక్క రాత్రి రాయకపోతే చాలు, మంట, ఎర్రదనం. చెంపల మీద నూగు వెంట్రుకలు, గడ్డం మీద చిన్న చిన్న పొక్కులు. అప్పుడు చూపించుకున్న చర్మం డాక్టరమ్మ ట్యూబు వెనక్కి తిప్పి చదివి, "ఇందులో స్టెరాయిడ్ ఉందమ్మా" అన్నారు. మచ్చ రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, చర్మం పై పొర తొందరగా మారేలా చేసే ట్రెటినాయిన్, మొమెటాసోన్ అనే స్టెరాయిడ్ మూడూ కలిపిన క్రీము అది. డాక్టరు చూస్తూ ఉంటే కొద్ది వారాలు వాడే మందే, నెలల తరబడి రాసుకునే ఫేస్ క్రీము కాదు. స్టెరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే నిబంధన వచ్చినా చాలా చోట్ల అడిగితే ఇచ్చేస్తున్నారు. దాన్ని మాన్పించడానికే 3 నెలలు పట్టింది. అన్నాళ్లూ ఆమె పీల్ ఊసెత్తలేదు. మంట మీదున్న చర్మానికి యాసిడ్ తగిలితే మచ్చ ఇంకా నల్లబడుతుందట. అంతకుముందు వెళ్లిన ఒక పార్లర్‌లో అదే రోజు చేసేస్తామన్నారు. ఆగమన్న చోటే నాకు నమ్మకం కుదిరింది.

మందు మాన్పించాక 3 వారాలు చర్మాన్ని సిద్ధం చేశారు. పొద్దున సన్‌స్క్రీన్, రాత్రి కొంచెం ట్రెటినాయిన్. పీల్‌కు 4 రోజుల ముందు ట్రెటినాయిన్ కూడా ఆపించారు. వారం ముందు నుంచి బ్లీచ్, త్రెడింగ్, వ్యాక్సింగ్ ఏవీ వద్దన్నారు.

నాకు చేసినవన్నీ గ్లైకాలిక్ యాసిడ్ పీల్స్. చెరకులో దొరికే యాసిడే ఇది. చర్మం పై పొరలో చచ్చిన కణాలను పట్టి ఉంచే బంధాన్ని వదులు చేస్తుంది. పొర రాలేటప్పుడు దానితో పాటు కొంత రంగూ పోతుంది. మొదటిది 35 శాతం, 2 నిమిషాలు. ముఖం తుడిచి, కంటి మూలలకు, ముక్కు పక్కల, పెదవి కొసలకు వాజలైన్ పూశారు. నుదుటి నుంచి మొదలుపెట్టి బ్రష్‌తో గబగబా రాసి, ఫోన్‌లో టైమర్ పెట్టి, చేతిలో చిన్న ఫ్యాను ఇచ్చారు. ముందు చల్లగా జిల పెట్టింది. అర నిమిషానికి చీమలు కుట్టినట్టు. నిమిషం దాటాక పచ్చిమిర్చి తరిగిన చేత్తో ముఖం రుద్దుకున్నట్టు. "మంట పదిలో ఎంతమ్మా?" అని అడుగుతూనే ఉన్నారు. నాకు ఎనిమిది ఉంది. ఓర్చుకుంటే ఫలితం ఎక్కువ వస్తుందనుకుని ఐదు అన్నాను. దయచేసి ఎవరూ అలా చెప్పకండి. ఎక్కడ ఎక్కువ మండుతోందో చెబితేనే అక్కడ ముందు ఆపగలరు. అదృష్టం కొద్దీ ఎడమ చెంప ఎర్రబడటం ఆమె చూసి, టైమర్ మోగకముందే యాసిడ్‌ను విరిచే సోడా ద్రావణం చల్లారు. బుసబుసమని చిన్న నురుగు వచ్చి మంట దిగిపోయింది.

మొటిమలున్న మా చెల్లికి మాత్రం శాలిసిలిక్ అనే వేరే యాసిడ్‌తో పీల్ చేశారు. జిడ్డు చర్మానికి, మొటిమలకు అది నప్పుతుంది. రాసిన కాసేపటికి ముఖమంతా తెల్లటి పొడి పేరుకుంటే చెల్లి కాలిపోయిందని హడలిపోయింది. ఆ తెలుపు ఆరిపోయిన శాలిసిలిక్ స్ఫటికాలే, కడిగితే పోయింది.

ఇంటికొచ్చాక రెండు రోజులు ముఖం బిగదీసినట్టు ఉండి, మచ్చలు ముందుకన్నా నల్లగా కనిపించాయి. మూడో రోజు నోటి చుట్టూ ఉల్లిపొర లేచినట్టు లేచింది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే పెదవి కొసకు కారం తగిలి కళ్లలో నీళ్లు తిరిగేవి. అత్తమ్మ చూసి, "ఏందే బిడ్డా, డబ్బులు పెట్టి గిట్ల చేయించుకున్నవ్? జర పసుపు పెట్టరాదు" అని ఒకటే బాధ. ఆ వారం పసుపు, శనగపిండి, నిమ్మరసం ఏవీ తగలనివ్వలేదు. ఘాటు లేని ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, అంతే. ఆరో రోజుకు చర్మం మామూలైంది.

రెండో పీల్ తర్వాత గడ్డం దగ్గర లేచిన పొరను అద్దం ముందు గోటితో పట్టి లాగాను. వడ్లగింజంత చోట ఎర్రటి పచ్చి చర్మం బయటపడింది. అది మానాక అక్కడ నల్ల మచ్చ పడి 4 నెలలు ఉంది. మన రంగు చర్మం చిన్న గాయానికీ నల్లబడుతుంది. అందుకే ఫినాల్ లాంటి లోతు పీల్స్ మనకు సాధారణంగా చేయరు. నెట్‌లో 70 శాతం యాసిడ్ సీసాలు తెప్పించుకుని ఇంట్లో రాసుకునేవాళ్లను తలుచుకుంటే నాకు నిజంగా భయం వేస్తుంది.

అంతకన్నా పెద్ద దెబ్బ నాలుగో పీల్ తర్వాత తగిలింది. ఐదో రోజే మాఘమాసంలో చెర్వుగట్టు జాతరకు, మా దగ్గర గట్టు మీది శివుడి గుడికి, పోయాం. కొంగు కప్పుకున్నాను, పొద్దున సన్‌స్క్రీన్ రాసుకున్నాను. గట్టెక్కేసరికి చెమటకు అదంతా కొట్టుకుపోయింది, మళ్లీ రాయలేదు. వారం తిరిగేసరికి మూడు పీల్స్‌లో తగ్గిందంతా వెనక్కి వచ్చేసింది. డాక్టరమ్మ తిట్టలేదు గానీ రెండు నెలలు పీల్ ఆపేశారు. ఆ రోజు నుంచి స్కూలు బ్యాగులో టిఫిన్ డబ్బా పక్కన సన్‌స్క్రీన్ ట్యూబు ఉంటుంది. లంచ్ బెల్లు కొట్టగానే మళ్లీ రాసుకుంటాను. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండాలి. రంగు కలిసిన రకం, అంటే ఐరన్ ఆక్సైడ్ ఉన్నది మంగుకు మంచిదన్నారు. మామూలు వెలుతురుకు కూడా మంగు ముదురుతుంది, దాన్ని ఇది అడ్డుకుంటుంది. నా మచ్చల్లో తగ్గినదాంట్లో సగం పుణ్యం ఈ ట్యూబుదేనని నా నమ్మకం.

ఖర్చు సంగతికొస్తే, సిట్టింగుకు నాకు 2,500 రూపాయలైంది. మొదటి ఆరు మూడు వారాలకొకటి చొప్పున అనుకున్నాం, జాతర వల్ల సాగింది. తర్వాత చలికాలంలో, వానాకాలంలో అప్పుడొకటి అప్పుడొకటి. ఏప్రిల్, మే నెలల్లో మా ఎండలకు ఆమె అసలు చేయరు. సిట్టింగుల డబ్బు కంటే నెల నెలా సన్‌స్క్రీన్‌కు అయ్యేదే లెక్క వేసుకుని దిగండి, నేను అది వేసుకోలేదు.

పెళ్లి చూపులకో, పెళ్లికో వారం ముందు చేయించుకుంటామని వచ్చేవాళ్లను చూశాను. కనీసం నెలన్నర గడువు పెట్టుకోండి. గర్భంతో ఉన్నా, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ గోళీలు వాడుతున్నా, పెదవి మీద జ్వరపు పొక్కులు వచ్చే అలవాటున్నా ముందే చెప్పండి. ఆ పొక్కులు పీల్ వల్ల మళ్లీ లేవొచ్చు, ముందుగా మాత్ర ఇస్తారు. తెల్లబడటానికని ఎవరైనా చెబితే వెళ్లకండి. నా రంగు ఇసుమంతైనా మారలేదు. మచ్చకూ చుట్టూ ఉన్న చర్మానికీ తేడా తగ్గింది, నాకు కావలసింది అదే.

పన్నెండోది జులైలో, రెండు వానలు పడ్డాక రమ్మన్నారు. ఈసారి పీల్ అయిన వారం స్కూటీ వద్దని మా ఆయన ముందే చెప్పారు. ఆ వారం ఆటోలో పోతాను.