చేతుల వణుకుకి ప్రొప్రనొలాల్: మా నాన్న వాడుతున్నారు, ఇదీ నా రివ్యూ

చేతులు వణికితే చాలామంది పార్కిన్సన్స్ అనుకుని టెన్షన్ పడిపోతారు. ఎసెన్షియల్ ట్రెమర్ అనే వణుకు జబ్బు వేరు, గ్లాసు ఎత్తినప్పుడో సంతకం పెట్టేటప్పుడో, అంటే చేత్తో పని చేస్తున్నప్పుడే ఎక్కువవుతుంది. మా నాన్నకి ఉన్నది ఇదే, దీనికి డాక్టర్ ముందుగా రాసింది ప్రొప్రనొలాల్. 1960లలో గుండె జబ్బుల కోసం వచ్చిన మందు ఇది, కనిపెట్టిన జేమ్స్ బ్లాక్‌కి 1988లో నోబెల్ కూడా ఇచ్చారు.

వణుకు పూర్తిగా పోలేదు, పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ ఇప్పుడు టీ సాసర్‌లోకి ఒలకకుండా తాగుతున్నారు, బ్యాంకు ఫారమ్‌లో సంతకం గడి దాటి పోవట్లేదు, మాకు అదే చాలా పెద్ద విషయం. ధర కూడా తక్కువే. గొంతు వణుకు మీద మాత్రం అంతగా పనిచేయలేదు. కాస్త నీరసం ఉంది, నాడి నెమ్మదిస్తుంది కాబట్టి పల్స్ చూసుకుంటూ ఉండాలి.

ఆస్తమా ఉన్నవాళ్ళకి ఇది అస్సలు వద్దు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు మరీ జాగ్రత్త, షుగర్ పడిపోయినప్పుడు హెచ్చరికగా వచ్చే గుండెదడ ఈ మందు వల్ల తెలియకుండా పోవచ్చు. ఇంకోటి, తగ్గింది కదా అని మీ అంతట మీరు ఒక్కసారిగా మానేయకండి.

ఇది పడనివాళ్ళకి ప్రిమిడోన్ ఉంది. ఫిట్స్ మందే, వణుకు మీద దాదాపు ఇంతే పనిచేస్తుంది, కాకపోతే మొదటి డోసుకే కళ్ళు తిరగడం, వికారం, బాగా మత్తు రావచ్చు, అందుకే రాత్రిపూట చిన్న డోసుతో మొదలుపెడతారు. ఆ తర్వాత టోపిరమేట్ అనే ఇంకో మందు ఉంది, దానివల్ల కిడ్నీలో రాళ్ళు రావచ్చు, కాబట్టి ఇదివరకే రాళ్ళు వచ్చినవాళ్ళు ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పండి.