దేవనహళ్ళి నుంచి నంది దాకా: రద్దీ లేని దారిలో తీసుకెళ్ళే సైకిల్ దుకాణం

బెంగళూరులో సైకిళ్ళు అద్దెకిచ్చే దుకాణాలకు కొదవ లేదు. సైకిల్‌తో పాటు మంచి దారిని కూడా చూసి పెట్టే దుకాణం నాకు ఈ ఏడాదే దొరికింది. యలహంకలో ఇద్దరు అన్నదమ్ములు నడుపుతున్నారు. ఆదివారం ఉదయం ఎనిమిది మందికి మించకుండా వెంటబెట్టుకుని నంది కొండల కింది పల్లెల్లో తిప్పుతారు. జనవరి మూడో ఆదివారం వాళ్ళతో వెళ్ళి వచ్చాను. ఇంటికి చేరి, స్నానం చేసి, అన్నం తినకముందే ఇది రాయడానికి కూర్చున్నాను.

నంది కొండ నాకు కొత్త కాదు. రెండేళ్ళ కిందట వేరే బృందంతో ఒక ఆదివారం తెల్లవారుజామున ఘాట్ రోడ్డు ఎక్కాను. సూర్యోదయం చూడాలని నగరంలో సగం మంది ఆ వేళకు అక్కడే ఉంటారు. మలుపు మలుపుకూ కార్లు, వాటి సందుల్లోంచి మోటారు సైకిళ్ళు, చెవులు చిల్లులు పడేలా హారన్లు. ఒక మలుపు దగ్గర కారు అద్దం నా మోచేతికి రాసుకుంటూ పోయింది. సైకిల్‌ను గోడకు ఆనించి, వణుకు తగ్గేదాకా నిలబడి, సగం నుంచే దిగి వచ్చేశాను. మాకు దారి చూపాల్సినవాళ్ళు అప్పటికే పైకి వెళ్ళిపోయారు. మళ్ళీ ఆ దిక్కు చూడలేదు. నాకు 47 ఏళ్ళు. వేగం కోసం తొక్కను. చుట్టూ చూసుకుంటూ వెళ్ళాలి, ఆగాలనిపించిన చోట ఆగాలి. అలాంటివాళ్ళను బరువుగా చూడని బృందం కోసం అప్పటినుంచి వెతుకుతూనే ఉన్నాను.

ఈ దుకాణంవాళ్ళు చేసే మొదటి మంచి పని, సైకిళ్ళను వ్యానులో దేవనహళ్ళికి తీసుకురావడం. హెబ్బాళ దాటిన దగ్గరి నుంచి బళ్ళారి రోడ్డంతా విమానాశ్రయానికి పరుగెత్తే వాహనాలే. ఆ రోడ్డు మీద సైకిల్ తొక్కిస్తే మనిషి ఓపిక అక్కడే సగం అయిపోతుంది. మమ్మల్ని ఆరింటికి నేరుగా దేవనహళ్ళి కోట వాకిటికి రమ్మన్నారు. దగ్గర్లోని ఆవతిని ఏలిన ప్రభువుల్లో మల్ల బైరేగౌడ 1501లో మట్టితో కట్టించిన కోట అది. ఇప్పుడు కనిపించే రాతి గోడలు హైదర్ అలీ కాలం నాటివి. టిప్పు సుల్తాన్ పుట్టిన ఊరు ఇదే. మంచులో ఆ బురుజులు సగమే కనిపిస్తున్నాయి. గోడ నీడన టీ తాగుతుంటే వేళ్ళకు కాస్త వెచ్చదనం వచ్చింది.

సైకిల్ ఇచ్చే ముందు ఒక్కొక్కరినీ ఎక్కించి సీటు ఎత్తు సరిచేశారు. కాలు కిందికి చాచినప్పుడు మోకాలు కొద్దిగా మడత పడి ఉండాలి, పూర్తిగా సాగకూడదు. అది వాళ్ళకు తెలుసు. నా ఎడమ మోకాలు పాతనొప్పిది అని చెబితే ఇంకో అర అంగుళం తగ్గించి, గేర్లు ఎప్పుడు మార్చాలో అక్కడే నాలుగు చుట్లు తొక్కించి చూపించారు. 46 కిలోమీటర్ల తరువాత ఈ మోకాలు ఈ సాయంత్రం నొప్పి పెట్టడం లేదు. ఈ మాట ఒక్కటి చాలు నాకు.

దారి గురించి చెప్పాలి. ఊరు దాటగానే పెద్ద రోడ్డును వదిలేసి ద్రాక్ష పందిళ్ళ మధ్యకు తీసుకెళ్ళారు. ఆ తరువాత మల్బరీ తోటలు, గులాబీ మళ్ళు, చెరువు కట్టల మీది సన్న దారులు. గంటసేపట్లో మాకు ఎదురైనవి రెండు పాల బళ్ళు, ఒక ట్రాక్టరు, ఒక గొర్రెల మంద. చైను చప్పుడు, పక్షుల చప్పుడు విడివిడిగా వినబడ్డాయి. మంచు విడిపోతుంటే ఎదురుగా నంది కొండ ఒక్కసారిగా నిలువుగా లేచింది. 1478 మీటర్ల ఎత్తు అని అంకె చెబితే తెలియదు. కింద పల్లెలో నిలబడి ఆ నున్నటి రాతి గోడను చూడాలి. 1791 అక్టోబరులో ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిస్ సైన్యం ఈ కొండ మీది దుర్గాన్ని పట్టుకుందని చదివాను. ఈ వాలు మీద ఫిరంగులు ఎలా ఎక్కించారో ఊహకు అందలేదు.

ఆవతిలో ఒక అరుగు మీద కూర్చున్న పెద్దావిడ మమ్మల్ని ఆపి, "ఎక్కడి నుంచి వచ్చారమ్మా?" అని తెలుగులోనే అడిగింది. ఈ జిల్లాలో తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలా ఉన్నాయని తెలుసు. అయినా బెంగళూరులో పద్దెనిమిదేళ్ళున్న నాకు, సైకిల్ దిగిన చోట తెలుగు వినబడటం ఒళ్ళు పులకరించిన సంగతి. మాకు దారి చూపిన అబ్బాయిది బాగేపల్లి. తెలుగు, కన్నడం రెండూ ఒకే ఊపిరిలో మాట్లాడతాడు. నన్ను అక్కా అని పిలిచాడు. అందరికన్నా వెనుక వచ్చేవాళ్ళ పక్కనే తొక్కాడు, ఒక్కసారి కూడా తొందర పెట్టలేదు.

నంది గ్రామంలోని భోగనందీశ్వర ఆలయం దగ్గర గంటన్నర ఆపారు. ఇది నాకు బాగా నచ్చిన నిర్ణయం. చాలా బృందాలు బయట ఫోటో దిగి వెళ్ళిపోతాయి. ఇక్కడి శివాలయం ప్రస్తావన క్రీ.శ. 806 నాటి శాసనంలోనే ఉంది. నొళంబ రాజుల నుంచి విజయనగర రాజుల దాకా ఎవరి వంతు వాళ్ళు కట్టించుకుంటూ వచ్చారు. ఒక పక్క అరుణాచలేశ్వరుడు, ఒక పక్క భోగనందీశ్వరుడు, నడుమ చిన్న ఉమామహేశ్వర గుడి. అరుణాచలేశ్వరుడు శివుడి బాల్యం, భోగనందీశ్వరుడు యౌవనం అంటారు. కొండపైన ఉన్న యోగనందీశ్వరుడు విరాగి కాబట్టి అక్కడ ఉత్సవాలు చేయరు. ఉమామహేశ్వరుడి ముందున్న నల్లరాతి కళ్యాణ మండపంలో స్తంభం మీది చిలుకను ఎంతసేపు చూశానో నాకే తెలియదు. కోనేటి మెట్ల మీద కూర్చుని కాళ్ళు చాపుకున్నాం. గుడి బయట చిన్న హోటల్లో అవరెకాయ, అంటే చిక్కుడు జాతి అనపకాయ, గింజలు వేసిన ఉప్మా పెట్టించారు. ఇది వాటి కాలం. రెండోసారి అడిగి తిన్నాను. ఈ ఫలహారం ఖర్చు మనదే, రుసుములో కలిసి లేదు.

ముద్దేనహళ్ళి దాటాక ఆ అబ్బాయి సైకిల్ ఆపి, కొండల వరుస వైపు చెయ్యి చూపించి, "అక్కా, మీ పెన్న పుట్టేది అటువైపే" అన్నాడు. మాది నెల్లూరు అని పొద్దున మాటల్లో చెప్పినది గుర్తు పెట్టుకున్నాడు. మా నాన్న సంగం ఆనకట్ట మీద లస్కరుగా పనిచేశారు. అర్ధరాత్రి వరద వస్తే లాంతరు పట్టుకుని షట్టర్ల దగ్గరికి పరుగెత్తేవారు. ఆ నీళ్ళకు మొదలు ఈ చెన్నకేశవ కొండ. ఇక్కడ ఆమెను ఉత్తర పినాకిని అంటారు. కన్నడ దేశంలో పుట్టి, అనంతపురం, కడప దాటి, 597 కిలోమీటర్లు నడిచి మా ఊరి పక్కన సముద్రంలో కలుస్తుంది. కొండ వైపు చూస్తుంటే నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. మిగతావాళ్ళను ముందుకు పంపి ఆ అబ్బాయి నా కోసం ఆగాడు.

ఇక లోటుపాట్లు. ముద్దేనహళ్ళిలో పది నిమిషాలే ఆపడం అన్యాయం. విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు, ఆయన సమాధి ఉన్న ఊరు. వాళ్ళ పూర్వీకులది మన గిద్దలూరు దిక్కున ఉన్న మోక్షగుండం. ఆయన రూపొందించిన, వాటంతటవే తెరుచుకునే వరద గేట్లను 1903లో పుణె దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయంలో పెట్టారు. షట్టర్లు తిప్పి బతికినవాళ్ళ ఇంటి పిల్లను, అక్కడ నాకు గంట కావాలి. చిన్న గేరులోకి మార్చినప్పుడు నా సైకిల్ చైను రెండుసార్లు ఊడింది. వెంటనే వేసి ఇచ్చారు కానీ, అది దుకాణంలోనే చూసుకోవలసిన పని. అన్నిటికన్నా ముఖ్యం, నంది గ్రామం చేరేదాకా మూడు గంటల పాటు ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఎక్కడా లేదు. మాలో నలుగురం ఆడవాళ్ళం. నీళ్ళు తాగడానికి భయపడి సైకిల్ తొక్కకూడదు. దేవనహళ్ళిలో బయలుదేరేచోటే ఒక ఏర్పాటు చూడమని దుకాణం అన్నదమ్ముల్లో పెద్దవాడికి గట్టిగా చెప్పాను. రాసుకున్నాడు.

రుసుము మనిషికి 1,800 రూపాయలు. సైకిల్, హెల్మెట్, వెనుక వచ్చే వ్యాను, పంక్చరు పడితే ట్యూబు అన్నీ అందులోనే. సొంత సైకిల్ తెచ్చుకుంటే 900. కొండ ఎక్కి సమయం లెక్కపెట్టుకునే పందెపు రాయుళ్ళకు ఇది సరిపడదు, ఘాట్ రోడ్డు అసలు ఎక్కరు. నాలాగా సైకిల్ తొక్కి చాలా ఏళ్ళయినవాళ్ళు, గుళ్ళు, చెరువులు చూడాలనుకునేవాళ్ళు నిశ్చింతగా వెళ్ళవచ్చు. జనవరిలో అయితే చేతికి తొడుగులు తప్పనిసరి, నా వేళ్ళు ఏడింటిదాకా నా మాట వినలేదు. తిరుగు దారిలో పదకొండు దాటాక ఎండ చురుక్కుమంటుంది, ఎదురుగాలి కూడా ఉంటుంది. రెండు సీసాల నీళ్ళు పెట్టుకోండి.

ఫిబ్రవరిలో గుడిబండ కోట దారికి వెళుతున్నారట. పేరు రాయించాను. అదే సైకిల్ ఇవ్వమన్నాను, చైను బాగుచేసి.