బ్యాకప్‌కి ఎన్ఎఫ్ఎస్సా, ఐస్కజీయా?

రాయగడలో మా ఆఫీసు చిన్నది: రెండు ప్రాక్స్‌మాక్స్ సర్వర్లు (వర్చువల్ మెషీన్లు నడిపేవి), ఒక నాస్ పెట్టె (నెట్‌వర్క్ మీద స్టోరేజీ ఇచ్చే డిస్కుల పెట్టె). సర్వర్ల బ్యాకప్ నాస్‌లో పెట్టడానికి రెండు దారులు చూశాం: ఐస్కజీ (iSCSI), ఎన్ఎఫ్ఎస్ (NFS). ఐస్కజీతో కలిపితే నాస్ ఉత్త డిస్కునే చూపిస్తుంది. బ్యాకప్ ఫైళ్లు దాచాలంటే దాని మీద మనమే ఫైల్ సిస్టం (ఏ ఫైలు ఎక్కడుందో లెక్క ఉంచే ఏర్పాటు) వేయాలి. అది ఈఎక్స్‌టీ4 (లినక్స్‌లో మామూలుగా వాడేది) అయితే రెండు సర్వర్లూ ఒకేసారి మౌంట్ చేయకూడదు, అంటే తగిలించుకుని వాడకూడదు, చేస్తే డేటా గోవిందా. ఉత్త డిస్కు కాకుండా ఫోల్డర్‌నే పంచే ఎన్ఎఫ్ఎస్‌లో ఆ టెన్షన్ లేదు. ఫైల్ సిస్టం సంగతి నాసే చూసుకుంటుంది. ఒక సర్వర్ పోయినా రెండోదాన్నుంచి అదే ఫోల్డర్ తెరిచి రీస్టోర్ చేయొచ్చు. వానాకాలంలో కరెంటు పోయి నాస్ ఆగితే మాత్రం, హార్డ్ మౌంట్ చేసిన (జవాబు వచ్చేదాకా వదలకుండా అడుగుతూనే ఉండే) ఎన్ఎఫ్ఎస్, నాస్ తిరిగొచ్చేదాకా బిగుసుకుపోతుంది. మాకు ఒక రాత్రంతా అలాగే గడిచింది! అయినా బ్యాకప్‌కి నా ఓటు ఎన్ఎఫ్ఎస్‌కే. వేగమంటారా, 1 గిగాబిట్ కేబుల్ ఉన్నప్పుడు ఏది వాడినా సెకనుకు 125 మెగాబైట్లు దాటదు.